పోటీ – పొత్తు – నమ్మకము

నిజాంసాగరు కాలువకు నీరు వదలిన దినమున బాన్సువాడ ప్రాంతపు పొలములవైపు పోయి, ఏదేని యొక పిల్లకాలువ గట్టుపై కొంతసేపు నిలిచి చూడుడు. తూము తెరచినంతనే మొదటి మడి నిండును. పిదప రెండవది నిండును. పదవ మడి తడియుసరికి ప్రొద్దు వాలును. అటుపై నున్న మడులకు నీరు చేరునో చేరదో కాలువ చెప్పజాలదు. మీది మడుల రైతులే చెప్పవలెను. “అన్నా, మా మడికి నీళ్ళు వస్తలేవు” అని చివరి రైతు కేకవేయును. “నాది తడవనియ్యి తమ్మీ, తర్వాత నీకే విడుస్త” అని మొదటి రైతు బదులు పలుకును. ఆ మాటను నమ్మి చివరి రైతు ఇంటికి పోవునా? లేక పార భుజమున వేసికొని రాత్రియెల్ల గట్టుమీదనే కాపుండునా? ఆ రాత్రి అతనికి నిద్ర పట్టుట, పట్టకుండుట అను చిన్న విషయముపైననే ఒక గ్రామపు సేద్యమంతయు ఆధారపడియున్నదని నేడు మేము చెప్పబోవుచున్నాము.

గోదావరికి ఉపనదియైన మంజీరపై అచ్చంపేట గ్రామము చెంత 1923లో ఆరంభమై 1931లో పూర్తియైన నిజాంసాగరము హైదరాబాదు సంస్థానపు ఘనకార్యములలో నొకటి. నవాబు అలీ నవాజ్ జంగ్ బహద్దరు ఆనాటి ప్రధాన ఇంజనీరు. సుమారు 2,75,000 ఎకరములకు నీరందవలెనని ఆ కాలమున అంచనా వేసిరి. కట్టిననాడు ఆ జలాశయమున సుమారు 30 టి.ఎం.సి.ల నీరు పట్టెడిది. పూడిక చేరినకొలది సామర్థ్యము తరిగి, ఇప్పుడు సుమారు 18 టి.ఎం.సి.లుగా నున్నది. ఎగువన సింగూరు జలాశయము వెలసినది. పంచవలసిన నీరు తగ్గినది, అడుగువారు తగ్గలేదు. తూమువద్ద ఎంత నీరు పారుచున్నదో ఇంజనీరు కొలిచి చెప్పగలడు. తూము దాటిన పిదప ఆ నీరు మనుష్యుల చేతిలోనికి వచ్చును. అచ్చటి లెక్కలు వేరు.

ఆ లెక్కలను గూర్చి పాత అర్థశాస్త్రము ఒక్క మాటలో తీర్పు చెప్పెడిది. మానవుడు తన లాభమును తాను చూచుకొనును. కావున మొదటి రైతు తనకు చాలినంత నీరు తీసికొనును. చాలినదానికంటె కొంచెము ఎక్కువయే తీసికొనును. చివరి రైతు ఎండును. ఈ తీర్పు నిజమే యైనచో మన పల్లెలలో పొత్తుపనులు ఏవియు జరుగకుండవలెను. కాని మన కన్నుల యెదుట జరుగుచున్నవి. తెలంగాణపు చెరువుల క్రింద నీరు చాలని యాసంగిలో ఊరివారందరు కూర్చుండి, ఇన్ని ఎకరములకే నీరు పారింతుమని తైబందీ చేసికొనుట పూర్వమునుండి వచ్చుచున్న ఆచారము. ఒక్క నీరటి వందల మడులకు వంతు తప్పక నీరు కట్టెడివాడు. ఇక్కడ కలహము ఎంత నిజమో, కలయిక అంతే నిజము. ఏ సమయమున ఏది పైచేయి అగునన్నదియే తేలవలసిన ప్రశ్న.

ఈ ప్రశ్నను మనుష్యులనే అడిగి తేల్చుకొందమా? “మీరు పొరుగువానితో సహకరింతురా?” అని అడిగినచో కాదనువాడు ఎవడును ఉండడు. మాటకు ఖర్చు లేదు. కావుననే అర్థశాస్త్రజ్ఞులలో కొందరు రసాయనశాస్త్రజ్ఞులవలెనే ప్రయోగములకు పూనుకొనిరి. కొందరిని ఒకచోట చేర్చి, చేతికి నిజమైన సొమ్మిచ్చి, ఒక ఆట నియమములు చెప్పి, వారు ఏమి చేయుదురో చూచి వ్రాసికొనుటయే ఆ ప్రయోగము. సొమ్ము నిజమైనది గనుక నడవడియు నిజమైనది. ఈ మార్గమును స్థిరపరచిన వారిలో నొకడగు వెర్నన్ స్మిత్ అను అమెరికా పండితునకు 2002లో నోబెల్ బహుమానము లభించెను.

ఇట్టి పరిశోధనకు తొలుతనే వేదికయైన చోట్లలో మన తెలుగు నేలయు నొకటియని చాలమందికి తెలియదు. పటాన్‌చెరువునందలి ఇక్రిశాట్ సంస్థలో పనిచేసిన హాన్స్ బిన్స్‌వాంగర్ 1970 దశకపు చివర మహారాష్ట్రమునందును, నాటి మహబూబునగరు జిల్లాయందును గల మెట్టగ్రామములలో 240 కుటుంబములతో ఒక నాణెపు ఆట ఆడించెను. రైతుయెదుట ఎనిమిది పందెములు పెట్టుదురు. ఒకదానిలో నాణెము ఎటు పడినను 50 రూపాయలు నిశ్చయము. మరియొకదానిలో ఒక ప్రక్క పడిన 200 రూపాయలు, రెండవ ప్రక్క పడిన సున్న. నడుమ రకరకములు. రైతు ఒకదానిని కోరుకొనవలెను. నాణెము ఎగురవేసి అక్కడికక్కడే సొమ్ము చెల్లింతురు. ఆ కాలమున పెద్ద పందెపు విలువ కూలివాని నెల రాబడిని మించినది. అర్ధరూపాయి ఆటలో తలకొక తీరుగా ఆడినవారు పెద్ద సొమ్ము వచ్చుసరికి దాదాపు అందరును ఒక్కతీరుగా మెలగిరి: కొంత సాహసము, కొంత జాగ్రత్త. కలవాడు, లేనివాడు అను భేదము పెద్దగా కానరాలేదు. వట్టి ప్రశ్నలు వేసి రాబట్టిన జవాబులకును ఈ ఆటలో కనబడిన నడవడికిని పొందిక కుదరలేదు. 1980లో అచ్చయిన ఆ పరిశోధన నేర్పిన మొదటి పాఠము ఇది: రైతు స్వభావమును తెలియగోరువాడు అతని మాటకంటె అతడు పెట్టిన పందెమును చూడవలెను.

ఇది ఒంటరి మనుష్యుని సంగతి. గుంపు సంగతి తెలియుటకు వేరొక ఆట కలదు. దానిని శ్రోతలు తమ యింటనే ఆడి చూడవచ్చును. ఐదుగురు కూర్చుండుడు. ఒక్కొక్కరికి పది చింతగింజలు పంచుడు. నడుమ ఒక కుండ పెట్టుడు. ప్రతివాడును తన గింజలలో ఎన్ని వేయదలచునో అన్ని గుప్పిట మూసి, ఇతరులకు తెలియకుండ కుండలో వేయవలెను. కుండలోని గింజలను ఇంటిపెద్ద రెట్టింపు చేసి, ఎవరెన్ని వేసిరని అడుగక ఐదుగురకు సమముగా పంచును. అందరును పదేసి వేసిరనుకొనుడు. ఏబది గింజలు నూరగును. తలకు ఇరువది వచ్చును. ఒక్కడు మాత్రము వేయక దాచుకొనెననుకొనుడు. కుండలో నలుబది ఎనుబదియై తలకు పదునారు వచ్చును. దాచినవానికి తన పదితో కలిపి ఇరువదియారు. అందరును దాచుకొన్నచో ఎవరి పది వారికే మిగులును. ఒక్కొక్కరి తెలివి చూచిన దాచుకొనుటయే లాభము; అందరి మేలు చూచిన వేయుటయే లాభము. కాలువ పూడిక తీయుటకు ఇంటికొక మనిషి రావలెనన్నప్పుడు రైతు మనస్సున మెదలెడి లెక్క ఇదియే.

ఈ ఆటను అనేక దేశములలో సొమ్ముతో ఆడించి చూచిరి. ఫలితము సామాన్యముగా ఒక్కతీరున నున్నది. మొదటి ఆటలో జనులు తమ సొమ్ములో రమారమి సగము కుండలో వేయుదురు. పాత శాస్త్రము చెప్పినట్లు సున్న వేయరు. ధర్మశాస్త్రము కోరినట్లు అంతయు వేయరు. కాని ఆట తిరిగి తిరిగి ఆడినకొలది కుండ వట్టిపోవుచుండును. పదవ ఆట నాటికి వేయువారు చాల తక్కువ.

ఎందుచేత? తొలినాటి మంచివారందరు స్వార్థపరులుగా మారిరా? 2001లో ప్రకటితమైన స్విట్జర్లాండు ప్రయోగమొకటి దీనికి జవాబు చూపెను. ఇతరులు ఎంత వేసిన మీరెంత వేయుదురని 44 మందిని వేర్వేరుగా అడిగి, ఆ జవాబు ప్రకారమే సొమ్ము చెల్లించిరి. వారిలో రమారమి సగముమంది, ఇతరులు ఎక్కువ వేసిన తామును ఎక్కువ వేయుదురు. ఇతరులు తగ్గించిన తామును తగ్గింతురు. మూడవవంతుకు కొంచెము తక్కువమంది ఎవరెంత వేసినను తాము ఏమియు వేయరు. అనగా గుంపులో పెద్దభాగము ఋషులును కారు, దొంగలును కారు. పొరుగువానిని చూచి నడచువారు. గుప్పిట మూసిన ఆటలో దాచినవాడు ఎవడో తెలియదు. తెలియనప్పుడు ఇచ్చెడివాడు తన గింజలను వెనుకకు తీసికొనుట తప్ప వేరు దండన ఎరుగడు. ఆ దండన దాచినవానికి తగులును. ఇచ్చిన తోడివానికిని తగులును. అతడును వెనుకాడును. ఒక్కని మోసముచేత కుండ పగులుట అరుదు. మోసపోయితిమను తలంపుచేత పగులుట తరచు.

నమ్మకమును తిన్నగా తూచు ఆట మరియొకటి కలదు. 1995లో అమెరికాలో బెర్గ్, డిక్‌హాట్, మెక్కేబ్ అను మువ్వురు దానిని నడపిరి. ఒక గదిలోనివానికి పది డాలర్లిత్తురు. అందులో ఎంత పంపిన దానికి మూడింతలు ప్రక్కగదిలోని ముక్కుమొగము తెలియనివానికి చేరును. అతడు దయదలచినంత వెనుకకు పంపును. పంపకున్నను అడుగువాడు లేడు. అట్టిచోట 32 మందిలో 30 మంది ఎంతో కొంత పంపిరి. సగటున పంపినది 5 డాలర్ల 16 సెంట్లు. తిరిగివచ్చినది 4 డాలర్ల 66 సెంట్లు. ఇందు రెండు సంగతులు కలవు. మనిషి అపరిచితునిగూడ నమ్మును, ఇది మొదటిది. వట్టి నమ్మకము, మాటయు మొగమాటమును లేనిచోట, సగటున అసలు కూడ రాబట్టలేకపోయినది; ఇది రెండవది. నమ్మకము విత్తనమువంటిది, విత్తినంతమాత్రమున పండదు, దానికి నేల కావలెను.

ఇక కాలువ ఆటకు వత్తము. మార్కో జాన్సెన్, హువాన్ కమీలో కార్డెనాస్ మున్నగు పరిశోధకులు కొలంబియా, థాయిలాండు దేశముల గ్రామస్థులతో ఆడించి 2011లో ప్రకటించిన ఆట ఇది. ఐదుగురు ఆటగాండ్రు కాలువ వెంట ఉన్నట్లు వరుసగా కూర్చుందురు. ప్రతివానికి పది బిళ్ళలు. మొదట అందరును కాలువ మరమ్మతు నిధికి తోచినన్ని వేయుదురు. ఎంత నిధి చేరిన అంత నీరు పారును. పిదప మొదటివాడు తనకు వలసినంత తీసికొని మిగిలినది రెండవవానికి విడుచును; ఇట్లే చివరివరకు. మొదటివారు ఎక్కువ తీసికొనిరని చెప్పనక్కరలేదు. ఆ తరువాత జరిగినదే వినదగినది. నీరందని చివరివారు మరుసటి ఆటలో మరమ్మతుకు తక్కువ వేసిరి. నిధి తగ్గెను, నీరు తగ్గెను, తగ్గిన నీటిలో మొదటివాని భాగమును తగ్గెను. మొదటివారు తమ చేతిని కొంచెము బిగబట్టుకొన్న గుంపులలో చివరివారు నిధిని నిలబెట్టిరి, అందరును లాభపడిరి. ఎగువ రైతు దిగువ రైతునకు నీరు విడుచుట దానముగా మనము తలంతుము. ఆ ఆట లెక్కనుబట్టి అది తన కాలువకు తాను చేసికొను మరమ్మతు.

కుండను నిండుగ నుంచు ఉపాయము లెవ్వి? మొదటిది మాట. అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయమున ఎలినార్ ఆస్ట్రమ్ అను విదుషీమణి తన సహచరులతో చేసిన ప్రయోగములు 1992లో వెలువడెను. ఉమ్మడి సొత్తును పంచుకొను ఆటలో ఆటగాండ్రను నడుమ నడుమ కూర్చుండి మాటలాడుకొననిచ్చినంతనే సహకారము పెరిగెను. మాటకు కట్టుబడుమని బలవంతము చేయువాడు ఎవడును లేకున్నను పెరిగెను. మాటలాడుకొని, దండన ఎంత యుండవలెనో తామే నిర్ణయించుకొన్న గుంపులు అన్నిటికంటె ముందుండెను. మాట లేక దండన మాత్రమే ఇచ్చినచోట దండించుకొనుటకైన ఖర్చే లాభమును మ్రింగివేసెను. ఆస్ట్రమ్ గారికి 2009లో నోబెల్ బహుమానము వచ్చెను. అర్థశాస్త్రమున ఆ గౌరవము పొందిన మొదటి స్త్రీ ఆమెయే.

రెండవది దండన. 2000లో ఎర్నెస్ట్ ఫేర్, సైమన్ గెక్టర్ అనువారు కుండ ఆటలో క్రొత్త నియమమును చేర్చిరి: దాచినవానికి జరిమానా వేయవచ్చును, కాని వేయువాడును కొంత సొమ్ము పోగొట్టుకొనవలెను. తమకు నష్టమైనను జనులు జరిమానా వేసిరి, కుండ నిండెను. అయితే ఈ మందును అందరికి ఒక్కతీరున వాడరాదు. 2008లో ప్రకటితమైన పదునారు నగరముల ప్రయోగములో కొన్నిచోట్ల విపరీతము జరిగెను. జరిమానా పొందినవారు పగబట్టి, ఎక్కువ వేసిన మంచివారికే ఎదురు జరిమానా వేసిరి. ఊరి కట్టుబాటుపై గౌరవము లేనిచోట దండము వైరమునే పెంచునని దీనిచేత తెలియుచున్నది.

ఇవి యన్నియు పరదేశపు ముచ్చట్లనుకొనవలదు. ఆంధ్రప్రదేశమందలి గట్టిరాతి నేలల గ్రామములలో భూగర్భజలమును గూర్చిన ఆటలను రూత్ మైన్‌జెన్-డిక్ మొదలగువారు స్వచ్ఛంద సంస్థల తోడ్పాటుతో నడపి, ఫలితములను 2016, 2018 సంవత్సరములలో ప్రకటించిరి. రాతినేలలో బావికిని బావికిని లోపల చుట్టరికము కలదు. ఒకని మోటారు పొరుగువాని బోరును ఎండగట్టును. ఆటలో రైతులు ఏటేట ఏ పంట వేయుదురో ఎన్నుకొనవలెను: తక్కువ నీరు త్రాగి తక్కువ రాబడినిచ్చు పంటయా, ఎక్కువ త్రాగి ఎక్కువనిచ్చు పంటయా? లెక్క తెలియుటకు మేమే అంకెలు వేసి చూపుదుము. నేలలో ఏబది పాళ్ల నీరున్నదనుకొనుడు. ఏటి వానకు ఐదు పాళ్లు చేరును. ఐదుగురు రైతులును ఒక్కొక్క పాలు త్రాగు పంట వేసిన నీరు ఎన్నటికిని తరుగదు. ఐదుగురును మూడేసి పాళ్లు త్రాగు పంట వేసిన ఏటికి పది పాళ్లు తరిగి, ఐదేండ్లకు నేల ఎండును. వరియా, జొన్నయా అను ప్రశ్నలో ఇంత కథ యున్నది.

ఆ గ్రామములలో ఏమి కనబడినది? పంటకును నీటిమట్టమునకును గల సంబంధము కన్నులకు కట్టినట్లు చూపినప్పుడు రైతులు కలిసి నడచుకొనగలిగిరి. స్త్రీలు, పురుషులు అను భేదము ఆటలో కానరాలేదు. ఎవరి ఆటకు తగిన సొమ్ము వారికిచ్చినను, ఈయకున్నను పంట ఎన్నికలో మార్పు లేదు. మాటలాడుకొనుట మొదటి సంవత్సరమున అంతగా ఉపకరింపలేదు. మరుసటి యేట మార్చి ఆడించిన ఆటలో ఉపకరించినది. అనుభవములేని మాట వట్టి మాట. అనుభవము వెనుకనున్న మాట ఒప్పందము అని మేము దీనికి అర్థము చెప్పుకొనుచున్నాము. ఆట ముగిసిన పిదప ఊరంతయు కూర్చుండి దానిని గూర్చి చర్చించుట ఏర్పాటులో భాగము. అట్టి గ్రామములలో నీటి లెక్కల పుస్తకములు పెట్టుకొన్నవి, నీటికి కట్టుబాట్లు చేసికొన్నవి, ఆట ఆడని గ్రామములకంటె ఎక్కువ నిష్పత్తిలో కనబడెను. ఆటలతోనే పాతాళగంగ పైకి రాదని ఆ పరిశోధకులే ఒప్పుకొనిరి. కాని ఒక మధ్యాహ్నపు ఆట ఊరిచేత లెక్కపుస్తకము తెరపించినదనుట అల్పవిషయము కాదు.

ఆటలవలన తెలిసినది జీవితమునందును నిజమేనా? దీనికి కర్నూలు జిల్లా సాక్ష్యము చెప్పును. రాబర్ట్ వేడ్ అను పరిశోధకుడు అచ్చటి కాలువక్రింది పల్లెలను పరిశీలించి 1988లో ఒక గ్రంథము ప్రకటించెను. కొన్ని గ్రామములు సర్కారు ఆజ్ఞ లేకయే తమ సభను తాము ఏర్పరచుకొని, పొలము కావలివారిని, మడులకు నీరు పంచువారిని ఊరి ఖర్చుపై నియమించుకొనినవి. కోతలైన పొలములలో గొఱ్ఱెలను మేపుకొను హక్కును అమ్మి ఊరినిధిని కూర్చుకొనినవి. అదే కాలువపై వేరు గ్రామములలో ఇవి ఏవియు లేవు. భేదమెచ్చట? కాలువ చివరనున్న గ్రామములలోనే ఇట్టి కట్టుబాట్లు ఎక్కువ. నీరు తప్పక వచ్చుచోట కలయిక అవసరము తోచలేదు. నీరు అనుమానమైనచోట కలయకున్న పంట దక్కదు. పల్లె ప్రజల మంచితనముకంటె పల్లె ఉన్నచోటే వారిని కలిపినది. నిజాంసాగరు కాలువ తలవద్దనున్న బాన్సువాడ ప్రాంతమునకు ఈ మాట ఒక హెచ్చరిక. తలవద్దనున్నవాడు కలయకున్నను కొంతకాలము బ్రదుకగలడు. కావుననే కలయుట నేర్చుకొనడు.

పోటీ మాట ఏమి? పోటీ మానవుని పుట్టుకతోనే వచ్చినదని కొందరు, అది మగవాని గుణమని కొందరు అందురు. 2009లో ప్రకటితమైన ఒక ప్రయోగములో టెన్నిసు బంతిని బకెట్టులో వేయు ఆట ఆడించి, సొమ్మును పోటీ పద్ధతిన కోరుకొందురా, మామూలు పద్ధతిన కోరుకొందురా అని అడిగిరి. ఆఫ్రికాలోని మాసాయి తెగలో పోటీ కోరినది పురుషులలో సగముమంది, స్త్రీలలో నాలుగవవంతు. ఆస్తి కూతుండ్రకు సంక్రమించు మన మేఘాలయపు ఖాసీలలో స్త్రీలే పురుషులకంటె ఎక్కువగా పోటీని కోరిరి. పోటీయును పొత్తువలెనే పెంపకమునుబట్టి వచ్చునని దీని సారము.

గుంపునకును గుంపునకును నడుమ పోటీ కలిగిన ఏమగునో 1954లో అమెరికాలోని ఓక్లహోమాయందు ముజఫర్ షెరీఫ్ అను మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు పరీక్షించెను. ఇరువదియిద్దరు బాలురను రెండు జట్లుగా విభజించి ఆటలపోటీలు పెట్టగా, జట్టులో జట్టు బిగిసెను. జట్టునకును జట్టునకును పగ పెరిగెను. పిదప శిబిరమునకు నీరు రాకుండ చేసిరి. రెండు జట్లును కలిసి వెదకి నీటిని తెచ్చుకొనవలసివచ్చెను. ఇట్టి ఉమ్మడి పనులు కొన్ని జరిగినపిదప పగ చల్లారెను. బాలురను పరిశోధకులే ఎగసనద్రోసిరని తరువాతివారు విమర్శించిరి. ఆ విమర్శలో సత్యము కలదు. అయినను దప్పిక అందరిదియైనప్పుడు జట్లు మరపునకు వచ్చుట మన పల్లెలకు తెలియని సంగతి కాదు. ఏ పిల్లకాలువ ముందుగా పూడిక తీయునో చూతమను పోటీ ఊరికి మేలు. ఎవడు ముందుగా తూము పగులగొట్టునో చూతమను పోటీ ఊరికి చేటు. పోటీని తుడిచివేయ నక్కరలేదు. దానికి తగిన పందెమును చూపిన చాలును.

1997లో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సాగునీటి వ్యవస్థలను రైతుల యాజమాన్యమునకు ఒప్పగించు చట్టము చేసెను. ఆ యేడే 10,000కు పైగా నీటిసంఘములకు ఎన్నికలు జరిగినవి. చట్టము సంఘమునకు పేరును, అధికారమును ఈయగలదు. ఆ సంఘములో ఒకరినొకరు నమ్ముటకు వలసిన నేలను మాత్రము రైతులే దున్నుకొనవలెను. పైన చెప్పిన ప్రయోగముల సారమును బాన్సువాడ పొలములకు అన్వయించిన నాలుగు మాటలు మిగులును. విత్తుటకు ముందే తలవారును చివరివారును ఒక్కచోట కూర్చుండి మాటలాడవలెను; నీరు తగ్గిన పిదప ఆడుమాట జగడమగును. ఎవరి వంతు ఎన్నడో, ఎవరు ఎన్ని గంటలు పారించుకొనిరో తూమువద్ద పలకపై వ్రాయవలెను. గుప్పిట తెరచియున్న ఆటలో దాచువారు తక్కువ. తప్పునకు జరిమానా చిన్నదైనను తామే నిర్ణయించుకొనవలెను. ఒక్క యేడు విఫలమైనంతమాత్రమున విడువక మరుసటి యేడును కూర్చుండవలెను. రాయలసీమ రైతులకు మాట ఫలించినది రెండవ సంవత్సరముననే కదా.

ఈ ప్రసంగము ముగిసిన పిదప ఇంటిలోని పిల్లలను పిలిచి ఆ చింతగింజల ఆటను ఒక్కమారు ఆడి చూడుడు. మొదట గుప్పిట మూసి పది ఆటలు, పిదప ఎవరెన్ని వేసిరో బయటికి చెప్పుచు పది ఆటలు. కుండలోని గింజలను రెండుమారులును లెక్కపెట్టి వ్రాసికొనుడు. మీ ఇంట వచ్చిన లెక్క మేము చెప్పినదానికి భిన్నముగా నున్నను చింతలేదు. ఎందుకు భిన్నమైనదో భోజనమువేళ చర్చకు వచ్చును. ఆ చర్చయే తూమువద్ద ఒకనాడు పనికివచ్చును. అప్పుడు చివరి మడి రైతు, పార ఇంటిమూలను పెట్టి, రాత్రి సుఖముగా నిదురించును.